మూతకు కట్టిన ధర

కొలకలూరులో ఒక బావ, ఒక బావమరిది. బెజవాడ నుంచి తెనాలి పోయే ప్యాసింజరు దుగ్గిరాల తర్వాత ఆగే ఊరు కొలకలూరు. ఊరు నిజం, కథలో వచ్చే నాణెం నిజం. మనుషులు మాత్రం కథ కోసం పుట్టినవాళ్లు, వాళ్ల ఇంటిపేర్లు ఎవరూ వెతకనక్కర్లేదు.

బావకు కాలవ కింద నాలుగెకరాల మాగాణి, మెరకలో అరెకరం పసుపు. ఏటా పసుపు తవ్వించి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టించి దుగ్గిరాల యార్డుకు తోలతాడు. అక్కడ కొనేవాడు బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి ఒక కొమ్ము లాగుతాడు. పటుక్కున విరిచి, విరిగిన చోట రంగు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ధర సంగతి ఆ తర్వాతే. పైన మెరుగు ఇంత బాగుంటే విరవడం దేనికని బావ ఎన్నడూ అడగలేదు. అడిగితే యార్డంతా నవ్వుతుంది.

బావమరిదికి తెనాలి గాంధీచౌక్ దగ్గర వాచీలు బాగుచేసే చిన్న కొట్టు. సెల్‌ఫోన్లు వచ్చాక వాచీ కట్టేవాళ్లు తగ్గారు, బ్యాటరీలు మార్చడం, పట్టీలు వెయ్యడంతో కొట్టు నెట్టుకొస్తున్నాడు. కంటికి బిగించుకునే భూతద్దం మాత్రం నుదుటి మీద ఎప్పుడూ ఉంటుంది. ఏ వస్తువు చేతికిచ్చినా అద్దం కిందికి దించి చూస్తాడు. పెళ్లి శుభలేఖ కూడా అలాగే చదువుతాడని బావ ఎగతాళి.

2023 ఆగస్టు 28న ఢిల్లీలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఎన్టీ రామారావు శతజయంతి నాణేన్ని విడుదల చేశారు. ఒకవైపు సింహాల గుర్తు, రెండోవైపు రామారావు గారి ముఖం, 1923–2023 అనే అంకెలు. వెడల్పు 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. అందులో సగం వెండి, 40 శాతం రాగి, మిగిలిన పది శాతంలో నికెలు, జింకు చెరిసగం. నాణెం మీద వంద రూపాయలని ఉంటుంది గాని, టంకశాల దాన్ని అమ్మింది నాలుగు వేల పైమాటే. పెట్టెను బట్టి, ముద్రించిన పద్ధతిని బట్టి ఐదు వేలకు కొంచెం ఇవతల దాకా వెళ్లింది. హైదరాబాదులో కౌంటర్ల ముందు జనం బారులు తీరారు.

బావ కుర్రతనంలో ‘దానవీరశూరకర్ణ’ కోసం సైకిల్ మీద తెనాలి పోయినవాడు. ఆ నాణెం తన ఇంట్లో లేకపోతే ఎలా? కానీ ఆగస్టు అంటే నాట్ల రోజులు. కూలీలను వదిలి హైదరాబాదు పోలేడు. మనవరాలు ఫోన్లో చూసి, వచ్చినవి అయిపోయాయి తాతా అని చెప్పేసింది.

దీపావళి వెళ్లాక బావమరిది కబురు చేశాడు. తెనాలిలో పాత నాణేలు కొని అమ్మే ఒకాయన దగ్గర రెండు సెట్లు ఉన్నాయి. రెండూ చెక్కపెట్టెల్లో వచ్చిన ప్రూఫ్ సెట్లే. ఒక పెట్టెకు పైన పలచటి ప్లాస్టిక్ తొడుగు బిగుతుగా అంటుకుని ఉంది. రెండోదానికి తొడుగు లేదు, ఎవరో తీసి చూసిన పెట్టె అది.

“సీలున్నది ఎనిమిది వేలండీ. తీసింది ఐదు వేలు” అన్నాడు వ్యాపారి.

“అంత తేడా ఎందుకు?” బావమరిది అడిగాడు.

“సీలుకండీ. లోపల ఎవరూ చెయ్యి పెట్టలేదు గదా.”

“మూడు వేలు ప్లాస్టిక్ కాయితానికా బావా?”

“నీకు తెలవదు లేరా. రేపు అమ్మాలన్నా సీలుంటేనే విలువ” అని బావ ఎనిమిది వేలు లెక్కపెట్టి ఇచ్చాడు.

బావమరిది రెండో పెట్టె అడిగి తీసుకున్నాడు. నాణేన్ని అంచులు పట్టి ట్యూబులైటు కింద అటూ ఇటూ వంచాడు. అడుగు భాగం అద్దంలా ఉంది, తన నుదుటి మీద ముడతలు కూడా అందులో కనపడుతున్నాయి. ఆ అద్దం మీద రామారావు గారి ముఖం మంచు పట్టినట్టు తెల్లగా లేచి ఉంది. ప్రూఫ్ నాణెమంటే అదే. నున్నగా సానబెట్టిన అచ్చుతో, ప్రత్యేకంగా సిద్ధం చేసిన బిళ్ల మీద కొడతారు. భూతద్దం దించి అంచు వెంట చూసుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

“తొమ్మిది గంటల దగ్గర సగం వేలిముద్ర ఉందండీ.”

వ్యాపారి తొంగి చూశాడు. ఉంది. చేతి చెమట వెండి మీద పడి, అక్కడే గోధుమరంగుకు తిరిగింది. పక్కనున్న బంగారం కొట్లో కాటా మీద పెడితే 35 గ్రాములు సరిగ్గా తూగింది. “ఈ మచ్చ ఇక పోదు, తుడిస్తే ఇంకా చెడుతుంది” అని వాదించి, బావమరిది నాలుగున్నర వేలకు బేరం కుదుర్చుకున్నాడు. దారి పొడుగునా బావ నవ్వుతూనే ఉన్నాడు. “డబ్బిచ్చి మచ్చ కొనుక్కున్నావు గదరా!”

బావ పెట్టె బీరువాలోకి చేరింది. చుట్టాలు వస్తే బయటికి తీసేవాడు. అందరూ పెట్టె చూసేవాళ్లు, పెట్టె బాగుందనేవాళ్లు. ఒకసారి అత్తగారు అడిగింది.

“లోపల ఎట్టా ఉన్నాడయ్యా రామారావు?”

“బాగానే ఉన్నాడత్తా.”

“నువ్వు చూశావా?”

“చూస్తే సీలు పోదూ!”

“మరి బాగున్నాడని ఎట్టా చెబుతున్నావు నాయనా?”

బావ పెట్టె లోపల పెట్టి బీరువా తాళం వేశాడు.

బావమరిది నాణెం ఇంకో దారి పట్టింది. కొన్నాళ్లు కొట్టు బల్ల మీద అద్దం కింద ఉండి వచ్చేపోయే వాళ్లందరికీ కనపడింది. మరుసటి ఏడు శ్రావణ శుక్రవారం నాడు వాళ్లావిడ దాన్ని ఇంటికి తెప్పించి వరలక్ష్మీ వ్రతంలో కలశం పక్కన పెట్టింది. లక్ష్మీదేవి పక్కన రామారావేంటని ఎవరో అంటే, “రాముడూ కృష్ణుడూ ఆయన వేసిన వేషాలే గదా, పక్కనుంటే తప్పేంది?” అంది. దానికి జవాబు చెప్పగలిగినవాళ్లు ఆ ఇంట్లో లేరు. కానీ పూజకు పెట్టే ముందు, వెండి కుందులతో పాటు దాన్ని కూడా చింతపండు వేసి నానబెట్టి, విభూతితో కసిగా తోమింది. వేలిముద్ర పోయింది. నాణెం తళతళలాడింది. సాయంత్రం బావమరిది భూతద్దం పెట్టి చూస్తే అద్దంలాంటి అడుగంతా సన్నటి గీతలే, మంచులాంటి తెలుపు ముఖం మీద అక్కడక్కడా మాత్రమే మిగిలింది. ఆయన ఇంట్లో అన్నది ఒకటే మాట: “ఇంకోసారి దీన్ని తోమమాక.”

2025 వచ్చింది. వెండి కిలో లక్ష దాటి ఇంకా పైకి పోతోంది. పేపర్లో అది చదివిన బావకు నిద్ర పట్టలేదు. అమ్మాల్సిన అవసరమేమీ లేదు, తన పెట్టె విలువ ఎంతైందో ఎవరైనా నోటితో చెబితే విని సంతోషపడాలని. బావమరిది ఆయన్ని తెనాలిలోనే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆ పెద్దాయన ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ నాణేలు పోగేసినవాడు, ఎవరు తెచ్చినా చూసి ఉన్నమాట చెబుతాడు, నచ్చితే కొంటాడు.

ముందు బావమరిది నాణెం చూశాడు. “ప్రూఫే. తోమారు.”

“మా ఆవిడండీ.”

“మా ఇంట్లో కూడా ఒకటి ఇట్టాగే పోయిందిలే” అని కాటా మీద పెట్టి, “మూడున్నర వేలిస్తాను. తోమకపోతే ఇంకా ఎక్కువే ఇచ్చేవాణ్ణి” అన్నాడు.

బావ తన పెట్టెను ముందుకు జరిపాడు. పెద్దాయన నాణేన్ని వదిలి ప్లాస్టిక్ తొడుగును చూడటం మొదలుపెట్టాడు. మూలలు చూశాడు. అతుకు మీద గోరు ఆనించి చూశాడు.

“బిల్లుందా?”

“లేదండీ.”

“ఈ తొడుగు ఎవరు వేశారు?”

“టంకశాల వాళ్లే గదండీ.”

“నువ్వు చూశావా? ఇట్టాంటి తొడుగు పుస్తకాల కొట్టువాడు వేస్తాడు, స్వీట్ల కొట్టువాడు వేస్తాడు. ఆ యంత్రం డబ్బిస్తే ఎవరికైనా అమ్ముతారు.” కాసేపాగి, “తెరుద్దామా?” అన్నాడు.

“తెరిస్తే సీలు పోతుందండీ.”

“తెరవకపోతే నేను కొనేదేంటో నాకెట్టా తెలుస్తుంది?”

“పోనీ, ఇట్టాగే ఉంచి ఒక ధర చెప్పండి.”

“దేనికి చెప్పమంటావయ్యా? మీ బావమరిది నాణెం చెడింది. ఎంత చెడిందో కనపడుతోంది, అందుకని ధర చెప్పగలిగాను. నీది బంగారంలా ఉండొచ్చు. నాకు కనపడట్లేదు.”

బావమరిది నోరు తెరిచాడు. “బావా, యార్డులో కొమ్ము విరవందే…”

“నువ్వూరుకో” అన్నాడు బావ. అంటూనే బొటనవేలి గోటితో ప్లాస్టిక్కును బర్రున చీల్చాడు.

పెట్టెలో నాణెం ఉంది. మచ్చ లేదు, గీత లేదు, మెరుస్తోంది. బావ ముఖం వెలిగింది. పెద్దాయన రెండు నాణేలనూ పక్కపక్కన దీపం కింద పెట్టి, చేత్తో రమ్మని సైగ చేశాడు. బావమరిది నాణెం గీతలు పడిన అద్దంలా ఉంది. బావ నాణెం అద్దమే కాదు. అడుగు, ముఖం అంతా ఒకటే మెరుపు.

“నాణెం అసలుదే. ప్రూఫ్ మాత్రం కాదు. ఇది మామూలుగా కొట్టిన యూఎన్‌సీ నాణెం. తక్కువ రకం నాణేన్ని ఎక్కువ రకం పెట్టెలో పెట్టి తొడుగేశారు” అన్నాడు పెద్దాయన.

ఇద్దరూ అక్కణ్ణుంచి తిన్నగా అమ్మిన వ్యాపారి దగ్గరికి పోయారు. ఆయన దేవుడి పటం మీద ఒట్టేశాడు. తాను గుంటూరులో ఒకరి దగ్గర సీలుతోనే కొన్నాడట. ఆ ఒకరు హైదరాబాదులో ఇంకొకరి దగ్గర సీలుతోనే కొన్నాడట. ఎవరూ తెరవలేదు, తెరిస్తే విలువ పోతుంది గదా! ఆయన అబద్ధమాడుతున్నాడని బావకు అనిపించలేదు. కానీ చివర ఆయన అన్న మాట బావను ఎక్కువ కాలం పీడించింది. “మీరు తెరిచి తెచ్చారు గదండీ. లోపలిది మీరే మార్చారేమో, నాకెట్టా తెలుసు?”

బావ నాణేన్ని మళ్లీ బీరువాలో పెట్టలేదు. అత్తగారు చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని చూసి, “ముక్కు బాగా కుదిరింది నాయనా” అంది.

కథ అయింది. నీతి ఇది: మూత వేసిన చెయ్యి ఎవరిదో తెలియనప్పుడు ఆ మూతకు ధర కట్టకూడదు.

బావమరిది తెలివైనవాడు, బావ అమాయకుడు అని తీర్పు చెప్పేస్తే కథ సగమే అర్థమైనట్టు. బావమరిది కూడా నష్టపోయాడు, అదీ తన ఇంట్లోనే. తెరిచిన నాణేనికి గాలి తగులుతుంది, చెయ్యి తగులుతుంది, చింతపండు తగులుతుంది. ఇద్దరికీ తేడా ఒకటే. తన నష్టం ఎంతో, ఎక్కడ జరిగిందో బావమరిదికి తెలుసు. బావ మాత్రం తనకు నష్టం జరిగిందని తెలుసుకోవడానికే ఎదురు మూల్యం చెల్లించాల్సి వచ్చింది. చూస్తే అదనంగా ఇచ్చిన మూడు వేలు పోతాయి, చూడకపోతే మోసం బయటపడదు. సీలున్న సరుకులోని అసలు చిక్కు ఇదే. దాన్ని పరీక్షించే పద్ధతి, దాని విలువను చంపే పద్ధతి ఒక్కటే. అందుకే అలాంటి పెట్టె నాలుగు చేతులు మారినా ఒక్క కన్నూ దాన్ని చూడదు. అమ్మేవాళ్లలో ఒక్కడు దొంగైతే చాలు, తర్వాతి వాళ్లందరూ నిజాయితీపరులే అయినా ఆ మోసాన్ని చేతులారా మోసుకుంటూ పోతారు.

పాత గుంటూరు జిల్లా అమరావతిలో రెండు వేల ఏళ్లకు పైబడిన వెండి నాణేలు వేల సంఖ్యలో దొరికాయి. వాటి మీద చరిత్రకారుడు పరమేశ్వరీలాల్ గుప్తా రాసిన పుస్తకం 1963లో అచ్చయింది. విద్ధాంక నాణేలంటారు వాటిని: వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, తూకం సరిచేసి, మీద గుర్తులు కొట్టినవి. ఇలాంటి నాణేల వెనకవైపు చిన్న చిన్న ముద్రలు చాలాసార్లు కనపడతాయి. చేతులు మారినప్పుడల్లా వెండిని పరీక్షించిన షరాబులు వేసిన గుర్తులివని పండితుల్లో చాలామంది అభిప్రాయం. అంటే నాణెం ఎంత తిరిగితే అన్ని కళ్లు దాన్ని చూసినట్టు, ఆ చూపులన్నిటికీ నాణెమే సాక్ష్యం. మనం అక్కణ్ణుంచి బయల్దేరి, ఎవరూ చూడకపోవడమే గొప్పగా చెప్పుకునే చోటికి వచ్చాం.

సీలుకు విలువే లేదని కాదు. హైదరాబాదు టంకశాల 1803లో నిజాం సికందర్ జా కాలంలో మొదలైంది. 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారింది. దాని నాణేల మీద నక్షత్రం గుర్తు ఉంటుంది. అలాంటి టంకశాల నుంచే నేరుగా, మీ పేరున బిల్లుతో వచ్చిన పెట్టె అయితే మూత వేసిన చెయ్యి ఎవరిదో మీకు తెలుసు. ఏదైనా తేడా వస్తే అడగడానికి ఒక చిరునామా ఉంది. అప్పుడు సీలు ఒక హామీ. అదే పెట్టె మూడో చేతికి, నాలుగో చేతికి వచ్చి, బిల్లు ఎక్కడో జారిపోయాక, మిగిలింది హామీ కాదు, ప్లాస్టిక్కు.

హామీ నిజమైనా సీలు అన్నిటినీ ఆపలేదు. కెనడా టంకశాల చేసే మేపుల్ లీఫ్ వెండి నాణేలు మన కథలోని వంద రూపాయల నాణెంలా సగం వెండి కాదు, 99.99 శాతం వెండి. వాటి మీద పాలచుక్కల్లాంటి తెల్లటి మచ్చలు ఏళ్ల తరబడి కొనుగోలుదార్లను ఏడిపించాయి. గొట్టాల్లో, పెట్టెల్లో కదపకుండా ఉంచినవాటి మీద కూడా వచ్చేవి. చివరికి 2018లో ఆ టంకశాల మచ్చలను తగ్గించే కొత్త పద్ధతి ఒకటి తెచ్చింది. మచ్చ బయటి నుంచి రాలేదు, తయారీలోనే మొదలైంది. అలాంటప్పుడు మూత వేయడమంటే మచ్చను కూడా లోపల పెట్టి వేయడమే. సగం వెండి నాణేల్లో రాగి ఎక్కువ కాబట్టి వాటి జబ్బు వేరు, నల్లబడటం. గాలిలోని గంధకం వెండికి తగిలితే నలుపు తేలుతుంది. రబ్బరుబ్యాండులో గంధకం ఉంటుంది. పెట్టె భద్రంగా ఉంటుందని దానికి రబ్బరుబ్యాండు చుట్టేవాళ్లను చూస్తే నాకు చెయ్యి పట్టుకుని ఆపాలనిపిస్తుంది. మెత్తటి పీవీసీ కవర్లు ఇంకా నయవంచకులు. కొన్నేళ్లకు జిగటగా పచ్చటి పొర వదులుతాయి.

తెరిచిన సెట్టులో ఉన్న ప్రమాదం వేరు. దాన్ని మీకంటే ముందు ఇంకొకడు చూశాడు. చూసి వదిలేశాడంటే ఎందుకు వదిలేశాడు? అమెరికాలో 1964 ప్రూఫ్ సెట్లలోని కెనడీ అర డాలరు 90 శాతం వెండి నాణెం. మొదట్లో కొట్టినవాటిలో కెనడీ జుట్టు గీతలు కొంచెం ఎక్కువ స్పష్టంగా ఉండేవి, తర్వాత అచ్చు మార్చారు. ఆ మొదటి రకానికి ధర ఎక్కువని తెలిశాక జనం వేల సెట్లు విప్పి వెతికారు. ఇవాళ తెరిచిన 1964 సెట్టు చౌకగా దొరికిందంటే, అందులో ఆ రకం ఉండే ఆశ చాలా తక్కువ. ఏరుకునేవాళ్లు ముందే ఏరుకున్నారు. అలాంటి అరుదైన రకం కోసం వెతికేవాడు సీలున్నదానికి అదనంగా ఇస్తే దాన్ని తప్పనలేం. వాడు కొనేది లాటరీ టికెట్టు, ఆ సంగతి వాడికీ తెలుసు. బావ మాత్రం లాటరీ టికెట్టు కొని ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకున్నాడు.

ఈ చిక్కుకు లోకం కనిపెట్టిన విరుగుడు ఒకటుంది. అమెరికాలో 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే సంస్థలు మొదలయ్యాయి. నాణేన్ని బయటికి తీసి, భూతద్దం కింద పరీక్షించి, డెబ్బై మార్కుల కొలమానం మీద మార్కు వేసి, గట్టి పారదర్శక డబ్బాలో పెట్టి మూసేస్తారు. ఇదీ సీలే. కానీ ఈ సీలు చూసిన తర్వాత వేసింది, వేశాక కూడా లోపలిది కనపడుతుంది. దానికి అదనంగా డబ్బివ్వడంలో అర్థముంది. అయితే ఆ డబ్బాలకు కూడా నకిలీలు బయల్దేరాయి, కాబట్టి డబ్బా మీది నంబరును ఆ సంస్థ జాబితాలో సరిచూసుకోవాల్సిందే.

ఇక వెండి లెక్క. వెండి పెరిగింది కాబట్టి నాణెం పెరిగి ఉంటుందన్నది బావ ఒక్కడి భ్రమ కాదు. 35 గ్రాముల్లో సగం వెండి, అంటే 17.5 గ్రాములు. కిలో 75 వేల లెక్కన 1,312 రూపాయలు, కిలో లక్ష లెక్కన 1,750. ఆ ధరల్లో, నాలుగు వేల పైచిలుకు పెట్టి కొన్నదానిలో వెండి సగం సొమ్ముకు కూడా రాదు. మిగతాదంతా బొమ్మకు, పనితనానికి, పెట్టెకు ఇచ్చిందే. ఆ వెండినైనా కరిగించి తీసుకోలేరు, ప్రభుత్వ నాణేన్ని కరిగించడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. 1969 గాంధీ శతజయంతి పది రూపాయల నాణెం 15 గ్రాములది, అందులో 80 శాతం వెండి, అంటే 12 గ్రాములు. ముఖవిలువ పదో వంతే, వెండి మాత్రం ఈ వంద రూపాయల నాణెంలో ఉన్నదాని కంటే మరీ తక్కువేమీ కాదు. వెండి కోసమే కొనేవాళ్లు బొమ్మ చూడకుండా ఈ లెక్క చూసుకుంటే చాలు. ఇంకా తెలివైనవాళ్లు నాణేల జోలికే పోకుండా శుద్ధ వెండి బిళ్ల కొనుక్కుంటారు.

రామారావు గారి మీద అభిమానంతో కొనేవాళ్లకు ఈ లెక్కలేవీ అడ్డు రావు, రాకూడదు కూడా. అభిమానానికి కొన్నది కనపడాలి. నన్నడిగితే తెరిచిందే కొంటాను, చేతిలో పెట్టుకుని చూసి, మచ్చ ఉంటే మచ్చకు తగ్గించి. మీరు సీలున్నదే కావాలనుకుంటే టంకశాల బిల్లు అడగండి. బిల్లు లేదంటే తెరిచినదాని ధరే ఇస్తానని చెప్పండి, లేదా డబ్బు చేతులు మారకముందే అమ్మేవాడి ఎదురుగానే తెరిపించండి. ఇంటికి తెచ్చాక తెరిచి వెనక్కి పట్టుకుపోతే మీ మాట ఎవరూ నమ్మరు. 35 గ్రాములు, 44 మిల్లీమీటర్లు: ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి, కాటా, స్కేలు ప్రతి బంగారం కొట్లోనూ ఉంటాయి. నకిలీని పట్టుకోవడానికి అవి పనికొస్తాయి. ప్రూఫ్‌కూ యూఎన్‌సీకీ బరువులో తేడా ఉండదు కాబట్టి, ఆ తేడా కళ్లతోనే పట్టుకోవాలి.

తెచ్చిన నాణేన్ని ఏ పండక్కీ తోమకండి.